బాతులు తిన్న భోజనం

పొద్దున్న ఏడింటికి ఇన్సాఫ్‌ని చూసినవాళ్ళెవరూ ఆవిడ గురించి చెడ్డమాట చెబితే నమ్మరు. ఆ బుధవారం కూడా అంతే. పొయ్యి మీద చిక్కుడుగింజలు వెన్నలా ఉడికి ఉన్నాయి, వాటి మీద నిమ్మరసం పిండి జీలకర్ర చల్లి ఉంది. వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. మనవరాలు సుహైలా ఆవిడ మోకాళ్ళ మధ్య కూర్చుని జడలు వేయించుకుంటోంది.

"తేతా, అంత గట్టిగా లాగకు" అంది నాయనమ్మతో.

"లాగకపోతే బడిలో రెండో గంటకే ఊడి చేతికొస్తాయి. మీ నాన్న జుట్టే వచ్చింది నీకు, గొర్రె ఉన్నిలాగా."

"నాన్నకి కూడా జడలు వేశావా?"

"ఐదేళ్ళు వచ్చేదాకా వేశాను. చూసినవాళ్ళందరూ ఆడపిల్ల అనుకునేవారు. మగపిల్లాడంటే దిష్టి పెడతారే మన డమియెట్టా ఊరి జనం."

పిల్ల కిలకిలా నవ్వింది. తలగుడ్డకి సూది గుచ్చుకుంటూ హడావిడిగా వచ్చిన రావియా ఆ నవ్వు విని గడపలోనే ఆగిపోయింది. ఆమె భర్త వజీహ్ పోయి ఏడాది కావస్తోంది. మంచాల తలాపులకి పువ్వులూ తీగలూ చెక్కే పనివాడు. మూత్రపిండాలు పాడై రెండేళ్ళు ఆసుపత్రి యంత్రానికి కట్టుబడి ఉండి, ముప్ఫై ఏడేళ్ళకే వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఈ మూడో అంతస్తు ఇంట్లో అత్త, కోడలు, ఏడేళ్ళ పిల్ల. అంతే.

"ముందు నువ్వు తిను తల్లీ, ఎండిపోతున్నావు" అంది ఇన్సాఫ్.

"నువ్వు తిన్నావా అమ్మా?"

"నేనెప్పుడో తిన్నాను. ముసలి ప్రాణం కదా, తెల్లారకముందే ఆకలేస్తుంది."

ఆ మాటలో అబద్ధం లేదు. రావియా అత్తగారిని అమ్మా అని పిలవడంలోనూ అబద్ధం లేదు. కన్నతల్లి ముఖం కూడా గుర్తులేని మనిషి రావియా. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన రోజున ఇన్సాఫ్ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, "ఇక్కడ ఏది పగలగొట్టినా నిన్నేమీ అనను, దాచిపెడితే మాత్రం ఊరుకోను" అంది. అంత మంచి మాట రావియాకి అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

అందుకే ఇప్పుడు భయం. ఈ తీపి మధ్యాహ్నం మూడు గంటల వరకే. దాదాపు రెండు నెలలుగా అలాగే జరుగుతోంది.

* * *

సోఫాలకి గుడ్డలు కుట్టే కార్ఖానా నుంచి రావియా రెండున్నరకి ఇల్లు చేరుతుంది, దారిలో బడి నుంచి పిల్లని తీసుకుని. అప్పటికి అత్తగారి కంచం కడిగి బోర్లించి ఉంటుంది. "మీ కోసం ఆగలేకపోయాను, తినేశాను" అంటుందావిడ. తల్లీకూతుళ్ళు తింటారు. ఆపైన మూడింటికి అసర్ నమాజుకి అజాన్ వినిపిస్తుంది. సరిగ్గా ఆ వేళకే ఇల్లు మారిపోతుంది.

ఆ బుధవారం సుహైలా ఎక్కాలు వల్లె వేస్తోంది. ఏడో ఎక్కం మధ్యలో ఉండగా లోపలి గది నుంచి ఇన్సాఫ్ గొంతు లేచింది.

"ఆ రాగం ఆపుతావా, నోట్లో గుడ్డ కుక్కమంటావా?"

"రేపు పరీక్షమ్మా దానికి" అంది రావియా.

"నిన్నడిగానా? ప్రతిదానికీ అడ్డం రావడం బాగా నేర్చుకున్నావు. నీ నీడ పడిందగ్గర్నుంచీ ఈ ఇంట్లో మందుల వాసన తప్ప ఇంకో వాసన లేదు."

"అమ్మా, పిల్ల వింటోంది."

"విననీ. వాళ్ళమ్మ ఏం మనిషో దానికీ తెలియాలి."

సుహైలా పుస్తకం పట్టుకుని బల్ల కిందకి దూరింది. అది ఆట అనుకునేరు, కాదు. నెల రోజులుగా అజాన్ వినపడగానే ఆ పిల్ల బల్ల కిందకే పోతోంది.

సూర్యాస్తమయమైంది. ఇన్సాఫ్ మగ్రిబ్ నమాజుకని గది తలుపు వేసుకుంది. అరగంట తర్వాత ఒలిచిన నారింజపండు పళ్ళెంలో పెట్టుకుని బయటికొచ్చింది, ముఖం కడిగిన ముత్యంలా.

"ఏమ్మా, ముఖం అలా వేలాడేశావు? కార్ఖానాలో ఎవరైనా ఏమైనా అన్నారా?"

రావియా ఆవిడ కళ్ళలోకి చూసింది. నటనా? ఇంత బాగా నటించగలదా? మధ్యాహ్నం పెట్టిన చిచ్చు సాయంత్రానికి గుర్తుండని మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఇది నా మీద పగ తప్ప ఇంకోటి కాదు అనుకుంది. కొడుకు పోయాడు, కోడలు మిగిలింది, అది ఆవిడకి కంటగింపుగా ఉంది. నారింజ తొన కూతురి చేతిలో పెట్టేసింది.

ఎనిమిదింటికి మరిది మిద్‌హత్ వచ్చాడు. నదికి అవతలి ఒడ్డున భార్యాపిల్లలతో ఉంటాడు. రోజూ కొట్టు మూసేసి తల్లిని చూసి వెళతాడు. తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకుని కాసేపు కబుర్లు చెప్పాడు. వెళుతుంటే రావియా మెట్ల దాకా వెంట వచ్చింది.

"మిద్‌హత్, పరీక్షలు అవగానే నేను పోర్ట్ సయీద్ వెళ్ళిపోతాను. మా అన్నయ్య ఒక గది ఖాళీ చేయిస్తానన్నాడు."

అతను రెండు మెట్లు దిగినవాడల్లా ఆగిపోయాడు. "సుహైలాని తీసుకునా? అమ్మ బతుకుతుందా వదినా? అన్నయ్య తాలూకు అదొక్కటే కదా ఆవిడకి మిగిలింది."

"ఆవిడే పొమ్మంటోంది. మధ్యాహ్నం మూడు దాటిందంటే ఆవిడ ఆవిడ కాదు."

"మా అమ్మా? ముప్ఫై నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఈ సందులో పిల్లిని కూడా తిట్టి ఎరగదు."

"నువ్వు వచ్చేది చీకటి పడ్డాక. శుక్రవారాలు నువ్వుంటావు కాబట్టి నోరెత్తదు."

"వదినా, కోపం తెచ్చుకోకు. నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళైంది? అన్నయ్య పోయినప్పటి నుంచి నీకే ప్రతిమాటా గుచ్చుకుంటోందేమో."

అత్త తిట్టిన తిట్ల కంటే ఆ మెత్తటి మాట రావియాకి ఎక్కువ గుచ్చుకుంది. అందులో సగం నిజం ఉంది మరి. మొన్న పొద్దున్న పెన్సిలు పోగొట్టుకుందని పిల్ల వీపు మీద చరిచింది. తర్వాత స్నానాలగదిలో నిలబడి తనే ఏడ్చింది.

శుక్రవారం వచ్చింది. మిద్‌హత్ బూరీ అనే చేపలు తెచ్చి కాల్పించాడు. ఇన్సాఫ్ ముళ్ళు తీసి మనవరాలికి తినిపించింది, తనూ కడుపునిండా తింది, పక్కింటావిడ నడకని అనుకరించి అందరినీ నవ్వించింది. అసర్ అజాన్ వచ్చింది, వెళ్ళింది. ఏమీ కాలేదు. మిద్‌హత్ వదిన వైపు ఒక చూపు చూశాడు, చూశావా అన్నట్టు. రావియా తలదించుకుంది. అతనున్నప్పుడు దేవత, లేనప్పుడు దెయ్యం. ఇంకేం రుజువు కావాలి?

"మేడ మీద బాతులు భలే ఒళ్ళు చేశాయే అమ్మా, ఏం పెడుతున్నావు?" అన్నాడు మిద్‌హత్ చెయ్యి కడుక్కుంటూ.

"ఎంగిలి మెతుకులే" అంది ఇన్సాఫ్.

* * *

ఆ రాత్రి రావియా పదకొండింటి దాకా కూర్చుని మహషీ చుట్టింది. క్యాబేజీ ఆకుల్లో మసాలా అన్నం కూరి, చిటికెనవేలంత సన్నగా చుట్టాలి. అత్తగారికి ప్రాణం. వెళ్ళిపోయేలోగా ఒక్కసారైనా ఆవిడ మనసు కరుగుతుందేమోనన్న ఆశ, అంతే.

శనివారం కార్ఖానాలో కరెంటు పోయింది. ఒంటిగంటకే పనివాళ్ళని పంపేశారు. బడి వదలడానికి ఇంకా వేళ ఉంది కదా అని రావియా ఇంటికొచ్చింది. అత్తగారి గది తలుపు వేసి ఉంది, పడుకున్నట్టుంది. ఉతికిన బట్టలు తీసుకుని మేడ మీదకి వెళ్ళింది.

బాతులు నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటున్నాయి. తొట్టిలో ఉన్నవి మహషీలు. తను విడిగా తీసి మూతపెట్టిన పన్నెండూ అక్కడే ఉన్నాయి. పక్కనే నిన్నటి చేప అన్నంలో మిగిలింది, మొన్నటి బెండకాయ కూర ముక్కలు ఎండిపోయి అంటుకుని ఉన్నాయి.

ముందు దుఃఖం వచ్చింది. కోపం తర్వాత వచ్చింది. తడిబట్టలు బుట్టలోనే వదిలేసి కిందికి దిగింది. అన్నయ్యకి ఫోన్ చేసింది. "పరీక్షల దాకా ఆగను. మంగళవారం బండి తీసుకుని రా."

పిల్లని తీసుకొచ్చింది, అన్నం పెట్టింది. అజాన్ వినిపించాక హాల్లోకి వచ్చింది. ఇన్సాఫ్ పళ్ళెంలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. రాళ్ళు పళ్ళెంలోనే ఉంటున్నాయి, పప్పు కింద పడుతోంది.

"అమ్మా, మహషీ తిన్నావా?"

"తిన్నాను."

"ఎలా ఉంది?"

"బానే ఉంది. ఉప్పు కాస్త ఎక్కువైంది."

"ఉప్పు ఎక్కువైందని బాతులు చెప్పాయా?"

ఇన్సాఫ్ తలెత్తింది. ఆ ముఖంలో పొద్దున్నటి మనిషి లేదు.

"నా ఇల్లు, నా బాతులు, నా ఇష్టం. నా వెనకాల గూఢచారిలా తిరుగుతున్నావా?"

"నా చేతి వంట అంత విషమైందా నీకు? రాత్రి పదకొండింటి దాకా కూర్చున్నానమ్మా."

"నీ చేతి వంట తిన్నవాడు ఒకడు ఇప్పటికే మట్టిలో ఉన్నాడు."

"నా కిడ్నీ ఇస్తానన్నాను. సూదులన్నీ పొడిపించుకున్నాను, పరీక్షలన్నీ చేయించుకున్నాను. కలవలేదన్నారు. ఆ మాట డాక్టరు చెప్పినప్పుడు నా పక్కన కూర్చున్నది నువ్వే."

"మనసుంటే కలిసేది."

అంతకు మించిన మాట ఇక లేదు. అప్పుడు బల్ల కింద నుంచి సుహైలా బయటికొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. కోపం వచ్చినవాళ్ళు నీళ్ళు తాగాలని బడిలో టీచరు చెప్పిందట. మునివేళ్ళ మీద లేచి ఆ గ్లాసు నాయనమ్మ పెదాలకి ఆనించింది.

"తాగు తేతా, తగ్గిపోతుంది."

ఇన్సాఫ్ రెండు చేతులా తోసేసింది. నీళ్ళని తోసిందో పిల్లనే తోసిందో దేవుడికే తెలియాలి. సుహైలా వెనక్కి పడింది. కుట్టుమిషను ఇనుప అంచు నుదుటికి తగిలింది. గ్లాసు పగిలింది. పిల్ల ముందు ఏడవలేదు, చేత్తో తడుముకుని రక్తం చూసుకుని అప్పుడు ఏడ్చింది.

"అయిపోయింది" అంది రావియా. గట్టిగా కూడా అనలేదు. పిల్లని ఎత్తుకుని, తలగుడ్డ చుంగుతో గాయం అదిమిపట్టింది. "మంగళవారం దాకా కూడా లేదు. ఇక అయిపోయింది."

ఇన్సాఫ్ ఆమెవైపు చూసింది, ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు. "వేళయింది, వజీహ్‌ని లేపు" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. బయట చలిగాలి కొడుతోంది, ఆవిడ నుదురు మాత్రం చెమటతో తడిసి ఉంది. రావియా అది చూసింది. చూసి కూడా వెళ్ళిపోయింది. ఆ సంగతి తర్వాత ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

* * *

సందు చివర మందుల షాపు. దాన్ని నడిపే కరీమాన్‌ని అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు. పిల్ల నుదుటి మీద రక్తం తుడిచి, దూది అదిమి, పట్టీలు వేస్తూ, "ఎలా తగిలింది?" అని అడిగింది.

రావియా చెప్పదలచుకోలేదు. కానీ రెండు నెలలు దాచుకున్నది ఎంతసేపని ఆగుతుంది? ఏడుస్తూ అంతా చెప్పేసింది. "పొద్దున్న అమ్మ. మూడు దాటితే శత్రువు. పొద్దుగుంకగానే మళ్ళీ అమ్మ. మా మరిది ఉంటే అసలు ఏమీ ఉండదు. సందులో ఒకావిడ దిష్టి అంటుంది, ఒకావిడ కొడుకు దిగులు అంటుంది, ఒకావిడ వయసు మళ్ళితే అంతే అంటుంది. నాకు తెలుసు, నా మీద అసహ్యం. నేను వండింది బాతులకి వేస్తోంది డాక్టరమ్మా, పైగా తిన్నానని నాకు అబద్ధం చెబుతోంది."

కరీమాన్ చేతులు ఆగిపోయాయి. "బాతులకి వేస్తోందా? మరి ఆవిడ ఏం తింటోంది?"

"తెల్లారకముందే తిన్నానంటుంది."

"పొద్దుగుంకగానే మంచిదైపోతుందన్నావు. గదిలోకి వెళ్ళొచ్చాకా?"

"నమాజు చేసుకుని వచ్చాక."

"శుక్రవారం?"

"శుక్రవారం అందరితో కలిసి తింటుంది. బానే ఉంటుంది."

"నీకు అర్థం కావడం లేదా? ఆవిడ ఉపవాసం ఉంటోంది. రంజాన్ ఎక్కడో ఉండగా ఉపవాసం ఉంటోంది. షుగరు మాత్ర తెల్లవారుజామున వేసుకోవచ్చా అని నన్ను అడిగింది, ఎందుకని నేను అడగలేదు. నా బుద్ధి గడ్డి తింది." ఆమె సంచిలో చేతికందినవి వేసుకుంటోంది. "మాత్ర ఒంట్లో చక్కెరని దించుతూనే ఉంటుంది, కడుపులో పడేది ఏమీ లేదు. అలా దిగిపోతే మనిషికి ఒళ్ళు తెలియదు. ముందు చిరాకు, తర్వాత తిట్లు, తర్వాత చెమట, తడబాటు. ఇప్పుడు ఎలా ఉంది ఆవిడ?"

"చెమట పట్టింది. వజీహ్‌ని లేపమంది."

ఇద్దరూ పరిగెత్తారు. రావియా చంకలో పిల్ల, వెనక డాక్టరమ్మ, మూడంతస్తుల మెట్లు.

ఇన్సాఫ్ తన గదిలో మంచం పక్కన నేల మీద పడి ఉంది. నోటి చివర నురగ. డాక్టరమ్మ వేలు పొడిచి చక్కెర చూసి, "ముప్ఫై ఒకటి. డెబ్బైకి తగ్గకూడదు" అంది. తేనె వేలితో తీసి దవడ లోపల రుద్దింది. రావియా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, అమ్మా" అంటూనే ఉంది. అరగంట కిందట ఇదే ఇంట్లోంచి తను నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అంబులెన్సు వచ్చేసరికి పొద్దుగుంకింది, మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. సుహైలా గడప అవతలే నిలబడి ఉంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

* * *

ఇన్సాఫ్‌కి మర్నాడు మధ్యాహ్నానికి గానీ పూర్తిగా తెలివి రాలేదు. బతికింది. కానీ కుడిచేతి వేళ్ళు వణుకుతున్నాయి, మాట నెమ్మదిగా వస్తోంది. మెదడుకి చాలాసేపు తిండి అందలేదు, ఇది బాగుపడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

శాలువా కోసం ఇంటికి వెళ్ళిన రావియాకి మంచం కింద పాత జున్ను డబ్బా దొరికింది. మూత తీసింది. లోపల ఖర్జూరం గింజలు, కడిగి ఆరబెట్టినవి. ఆమె ఆ డబ్బాని ఆసుపత్రికి తెచ్చి మిద్‌హత్ చేతిలో పెట్టింది. అతను తల్లి ముందు పెట్టాడు.

"ఏమిటమ్మా ఇది?"

"నలభై మూడు" అంది ఇన్సాఫ్ కళ్ళు మూసుకునే. "రోజుకొకటి. ఇంకా పదిహేడు ఉండాలి."

వజీహ్ ఆఖరి వారంలో ఒక రాత్రి తల్లి చెయ్యి పట్టుకుని, అమ్మా, రెండు రంజాన్లు నా మీద ఉండిపోయాయి అన్నాడట. యంత్రానికి కట్టుబడ్డ మనిషి ఉపవాసం ఎలా ఉంటాడు? పోయినవాడి ఉపవాసాలు అయినవాళ్ళు తీర్చవచ్చని ఈవిడ ఎక్కడో విన్నది. వచ్చే రంజాన్ లోపల తీర్చెయ్యాలని కూర్చుంది. ఎవరికైనా చెబితే షుగరు మనిషివి నీకెందుకంటారు. అంతకంటే, నా కొడుకు దేవుడి బాకీతో పోయాడని సందులో ఎవరూ అనుకోకూడదు. అదీ సంగతి.

మిద్‌హత్ వరండాలోకి వచ్చి గోడకి నుదురు ఆనించి ఏడ్చాడు. "వదినా, నువ్వు చెబుతూనే ఉన్నావు. నీకే నిద్ర లేదన్నాను."

"అది కూడా నిజమే. ఆవిడకి తిండి లేదు, నాకు నిద్ర లేదు. ఒక్క ఇంట్లో ఇద్దరం ఒకరినొకరు పీక్కుతిన్నాం. మధ్యలో నలిగింది పిల్ల" అంది రావియా. "ఆకలి రుచెరగదు అంటారు. ఎదురుగా ఎవరున్నారో కూడా ఎరగదు."

సందులో ఇన్నాళ్ళూ ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. దిష్టి అన్నారు, గాలి అన్నారు, పగ అన్నారు. ఆవిడ కంచం ముందు కూర్చుని తినగా చూశానని మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. అంతమంది మనుషులు ఉండి ఏం లాభం?

మంగళవారం రావాల్సిన అన్నయ్యని రావియా ఆగమంది. రావద్దని మాత్రం అనలేదు. సర్దిన సూట్‌కేసు తలుపు పక్కనే ఉంది.

* * *

పదిరోజుల తర్వాత ఇన్సాఫ్ ఇంటికొచ్చింది. ఆ పొద్దున్న సుహైలా జడలు రావియాయే వేసింది. ఇన్సాఫ్ మంచం మీద నుంచి తన వేళ్ళకేసి చూసుకుంది. నాయనమ్మ గది ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా సుహైలా గోడకి ఆనుకుని గబగబా దాటిపోతోంది. నుదుటి మీద పట్టీ తీసేశారు, గీత ఉండిపోయింది.

మధ్యాహ్నం గదిలో అత్తా కోడళ్ళు ఇద్దరే ఉన్నప్పుడు ఇన్సాఫ్ అంది, "నేనన్న మాటలన్నీ గుర్తులేవు. కిడ్నీ మాట మాత్రం గుర్తుంది."

"ఆకలి అనిపించిన మాటమ్మా అది."

"కోపం ఆకలిది. మాట ఎక్కడిది?" అంది ఇన్సాఫ్. "ముందు నాదే ఇస్తానన్నాను. షుగరు మనిషివి, నీది పనికిరాదన్నారు. ఆ రోజు నుంచీ తప్పు ఎవరిదో ఒకరిది అవ్వాలి కదా. నాదని అనుకోలేక నీ మీద పెట్టి దాచుకున్నాను. కడుపు ఖాళీ అయినప్పుడల్లా అది బయటికొచ్చింది."

క్షమించానని రావియా అనడం తేలికే, కానీ అది ఇంకా నిజం కాలేదు. ఇంకొకటి చెప్పాల్సి ఉంది. మిద్‌హత్ మసీదు పెద్దాయన్ని అడిగి వచ్చి, తల్లికి చెప్పే ధైర్యం లేక వదినకి అప్పజెప్పిన మాట.

"అమ్మా, షేక్‌గారు చెప్పారట. రోగం తగ్గకుండానే పోయినవాడి మీద ఉపవాసాల బాకీ ఉండదట. కోలుకుని, తీర్చే వీలుండి తీర్చకపోతేనే బాకీ. వజీహ్ మీద ఏమీ లేదు. మొదటి నుంచీ లేదు."

ఇన్సాఫ్ దిండు మీద నుంచి లేచి కూర్చుంది.

"ఏమీ లేదా?"

"లేదమ్మా."

"మరి నా నలభై మూడు రోజులు? పిల్ల నుదురు?"

రావియా తల అడ్డంగా ఊపింది. ఆ ముసలావిడ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. జున్ను డబ్బా ఒళ్ళోకి తీసుకుని, వణికే వేళ్ళతో మూత నిమిరింది.

"అయితే ఇక వాడి కోసం నేను చేసేదేముంది?" అంది చివరికి.

రావియా లేచి వంటింట్లోకి వెళ్ళింది. కంచంలో అన్నం పెట్టింది, బెండకాయ కూర వేసింది. కన్నీళ్ళు తుడుచుకుంది. అప్పుడే అసర్ అజాన్ మొదలైంది. సుహైలా అలవాటుగా బల్ల కిందకి వెళ్ళబోయి ఆగింది.

"నేనిస్తాను" అంది.

రావియా కంచం పిల్ల చేతికిచ్చింది. సుహైలా గడప దాకా వచ్చి ఆగిపోయింది. వంగి కంచాన్ని నేల మీద పెట్టి, లోపలికి చెయ్యి చాచగలిగినంత దూరం నెట్టి, ఒక్క గంతులో వెనక్కి పోయి తలుపు పక్కన నిలబడింది.

ఇన్సాఫ్ మంచం దిగింది. నేల మీద కూర్చుని కంచం దగ్గరికి లాక్కుంది. చెయ్యి వణికి అన్నం ఒళ్ళో పడుతోంది. పడింది కూడా ఏరుకుని తింది. కన్నీళ్ళు గడ్డం మీదుగా కంచంలో పడుతూనే ఉన్నాయి. అజాన్ అయిపోయేసరికి మెతుకు మిగల్లేదు.

"మొత్తం తిన్నావా?" తలుపు పక్క నుంచి అడిగింది సుహైలా.

"తిన్నాను తల్లీ."

"బాతులకి వెయ్యలేదుగా?"

"లేదు. చూడు." ఇన్సాఫ్ ఖాళీ కంచం పైకెత్తి చూపించింది.

పిల్ల మెడ చాచి చూసింది. "అయితే ఇవాళ తొయ్యవుగా?"

ఇన్సాఫ్ కంచం కింద పెట్టింది. వంటింట్లో నిలబడి వింటున్న రావియా తలగుడ్డ చుంగు నోట్లో కుక్కుకుంది.

"తొయ్యను" అంది ఇన్సాఫ్.

"రేపు కూడా తింటావా?"

"తింటాను."

"నేను చూస్తాను" అంది సుహైలా. గడప దాటి లోపలికి మాత్రం రాలేదు. అలాగని పారిపోనూ లేదు. ఆ గడప మీదే కూర్చుని, ఎక్కాల పుస్తకం తెరిచి, గొంతు తగ్గించి ఏడో ఎక్కం మొదలుపెట్టింది.